మా మాట: తాటిచెట్టు క్రింది పాలు

తాటిచెట్టు క్రింద కూర్చుండి పాలు త్రాగినను లోకము కల్లే యనునని మన పెద్దలు చెప్పిరి. ఆరు మాసములు సహవాసము చేసినచో వారు వీరగుదురని చెప్పినవారును ఆ పెద్దలే. మొదటి సామెత పైకి కనబడినదానిని బట్టి తొందరపడి నిందింపవలదని హెచ్చరించును. రెండవది మనుష్యుని గుణమునకు సహవాసమే సాక్ష్యమని చెప్పును. ఈ రెంటిలో దేనిని నమ్మవలెను? కోడలిని తెచ్చుకొను నాడును, కూతును ఒక యింటికి పంపు నాడును ప్రతి గృహిణికి ఈ సందేహము కలుగుచునే యుండును. నాలుగేండ్ల కొకసారి అధ్యక్షుని ఎన్నుకొను వేళ అమెరికా దేశమంతటికిని ఇదే సందేహము కలుగుచుండును.

అమెరికా సంగతి మనకేల యని సోదరీమణులు కొందఱు అడుగవచ్చును. తెలుగు ఇండ్ల ఆడుబిడ్డలు అనేకులు నేడు ఆ దేశమున కాపురముండి, పౌరసత్వము పొంది, అచ్చట ఓటు వేయుచున్నారు. ఎన్నికల నెలలలో వారి యింటి టెలివిజనులోను, చేతి ఫోనులోను ప్రకటనలు ఎడతెగక వచ్చుచుండును. వానిలో అభ్యర్థి తన సుగుణములను చెప్పుకొనునవి కొన్ని, ఎదుటివాని దోషములను చాటునవి కొన్ని. ఈ రెండవ జాతి ప్రకటనలను గూర్చియే ఈ మాసము ముచ్చటింపదలచితిమి. ఏలన, ఇట్టి నిందలకు బలియైనవారిలో ఒక యిల్లాలు గలదు. ఆమె కథ మన పాఠకురాండ్రు తెలిసికొనదగినది.

ఎన్నికలలో ప్రతిపక్షిని దూషించుట టెలివిజనుతో పుట్టిన విద్య కాదు. 1828లో ఆండ్రూ జాక్సను అను సేనాని, అప్పటి అధ్యక్షుడైన జాన్ క్విన్సీ ఆడమ్సుపై పోటీ చేసెను. ఫిలడెల్ఫియాలో జాన్ బిన్స్ అను పత్రికాధిపతి ఒక కరపత్రమును అచ్చు వేయించెను. దానిపై నల్లని శవపేటికల బొమ్మలు వరుసగా నుండెను. జాక్సను సేనలో నున్న కాలమున ఆతని యాజ్ఞచే మరణశిక్ష పొందిన ఆఱుగురు సైనికులకు గుర్తుగా వేసిన పేటికలవి. చదువురాని వానికి సైతము ఆ బొమ్మ అర్థమగును. నేటి టెలివిజను ప్రకటనకు ఆ కరపత్రమును ముత్తవ్వ యనవచ్చును.

అంతటితో పోయినను బాగుండెడిది. సిన్సినాటి నగరమున చార్లెస్ హామండు అను సంపాదకుడు జాక్సను భార్యయైన రేచెలు మీదికి కలము త్రిప్పెను. ఆమె చిన్నవయసున లూయిస్ రోబర్డ్సు అనువానిని పెండ్లాడి, ఆతనితో పొసగక పుట్టినింటివారి కడకు చేరినది. ఆతడు విడాకులు పొందెనని విని, నమ్మి, 1791 ప్రాంతమున జాక్సనును వివాహమాడినది. తీరా విచారింపగా ఆ మొదటి భర్త విడాకులకై దావా వేయుటకు అనుమతి మాత్రమే పొందియుండెను. ఆ విడాకులు 1793లో గాని పూర్తి కాలేదు. 1794 జనవరిలో ఆ దంపతులు చట్టప్రకారము మఱల పెండ్లి చేసికొనిరి. అటుపిమ్మట ముప్పదేండ్లకు పైగా ఆమె దైవభక్తితో సంసారము చేసికొనుచుండెను. అట్టి యామె పాత కథను త్రవ్వి తీసి, ఆమె శీలమును దూషించుచు అచ్చొత్తించి, ఊరూర పంచిరి. జాక్సను పక్షమువారు మాత్రము తక్కువ తినలేదు. ఆడమ్సు రష్యాలో రాయబారిగా నున్ననాటి సంగతులని చెప్పి, మేము వ్రాయుటకు సిగ్గుపడు నపవాదు నొకదానిని వారును పుట్టించిరి.

జాక్సను గెలిచెను. కాని భర్త పదవి స్వీకరించుటను చూచు భాగ్యము రేచెలుకు లేకపోయెను. 1828 డిసెంబరు 22వ తేదీన గుండెజబ్బుతో ఆమె మరణించెను. ఆ జబ్బు ఆమెకు అంతకు ముందును కలదు గనుక నిందయే చంపినదని మేము చెప్పజాలము. జాక్సను మాత్రము తన భార్యను ఆ నిందలే చంపినవని బ్రతికినంత కాలము నమ్మెను.

ఇచ్చట ఒక సంగతి గమనింపుడని కోరుచున్నాము. రేచెలు ఎన్నికలలో నిలువలేదు. ఆనాటి అమెరికా స్త్రీకి అధ్యక్షుని ఎన్నుకొను హక్కే లేదు. స్త్రీ యను కారణమున ఓటు నిరాకరింపరాదను రాజ్యాంగ సవరణ 1920లో గాని రాలేదు. పోటీ చేయని స్త్రీ, ఓటు లేని స్త్రీ, పత్రికకెక్కి బదులు చెప్పుకొనలేని స్త్రీ ఆ దెబ్బకు గుఱియైనది. భర్తకు గుఱిపెట్టిన బాణము ఇల్లాలికి తగులుట యనగా నిదియే.

టెలివిజను వచ్చిన పిమ్మట మాటకంటె బొమ్మకు బలము హెచ్చినది. 1964 సెప్టెంబరు 7వ తేదీన అధ్యక్షుడు లిండన్ జాన్సను పక్షమువారు ఒక నిమిషపు ప్రకటనను ప్రసారము చేయించిరి. పసిపిల్ల యొకతె పూవు చేతబట్టి, అంకెలు తడబడుచు లెక్కించుచు, రేకులు త్రుంచుచుండును. అంతలో ఒక పురుషుని కంఠము పదినుండి వెనుకకు లెక్కించును. లెక్క ముగియగనే అణుబాంబు ప్రేలును. ప్రత్యర్థియైన బారీ గోల్డ్‌వాటరు పేరు అందులో ఎక్కడను లేదు. సొమ్మిచ్చి చూపించినది ఆ ఒక్కమారే. అయినను వార్తలలో దానిని మఱల మఱల చూపిరి. ఆ పిల్లను చూచిన తల్లి గుండెలో పుట్టు భయమే ఆ ప్రకటనకు పెట్టుబడి. పేరు చెప్పనక్కఱ లేకుండ భయమును ఒకనికి అంటగట్టుట ఎట్లో అది లోకమునకు నేర్పెను.

ఆ నేర్పు 1988లో ఎంత దూరము పోయెనో చూడుడు. ఆ యేట మసాచుసెట్సు గవర్నరు మైకేల్ డుకాకిస్, ఉపాధ్యక్షుడైన జార్జి బుష్ పోటీ పడిరి. మసాచుసెట్సు జైళ్లలో ఖైదీలకు వారాంతపు సెలవు లిచ్చు పద్ధతి యుండెను. హత్యకు యావజ్జీవశిక్ష పొందిన నల్లజాతి ఖైదీ యొకడు 1986లో అట్టి సెలవుపై పోయి తిరిగి రాక, మరుసటి యేట మేరీలాండులో ఒక యింట జొరబడి, పురుషుని గాయపఱచి, స్త్రీని చెఱిచెను. ఘోరము జరిగినమాట నిజము. బుష్‌ను సమర్థించు బయటి సంఘమొకటి ఆ ఖైదీ ముఖచిత్రమును ప్రకటనలో చూపి, డుకాకిస్ పేరుతో జతచేసెను. ఆ పద్ధతి 1972లో బుష్ కక్షికే చెందిన మునుపటి గవర్నరు కాలమున మొదలైనదని గాని, కేంద్రప్రభుత్వపు జైళ్లలోను సెలవులు కలవని గాని ఆ ప్రకటన చెప్పలేదు. అట్లని డుకాకిస్‌కు బాధ్యత లేదనరాదు. హంతకులకు ఈ సెలవులు మాన్పింపవలెనను బిల్లును 1976లో తిరస్కరించినవాడు ఆయనయే. ఆ నిర్ణయమును గూర్చి నిలదీయుట ధర్మమే. కాని చూచువారి మనసున నిలిచినది బిల్లు కాదు, ఒక నల్లని ముఖము. బుష్ ప్రచారమునకు సారథ్యము వహించిన లీ ఆట్‌వాటరు మెదడులో కంతి లేచి మంచము పట్టి, 1991లో చనిపోవుటకు ముందు, ఆ ఎన్నికలలో తాను చూపిన క్రౌర్యమునకు డుకాకిస్‌ను క్షమాపణ వేడెను. వేసిన ఓట్లు మాత్రము వెనుకకు రావు గదా!

ఇక మొదట చెప్పిన రెండు సామెతలకును నిదర్శనము ఒక్క ఎన్నికలోనే కలదు. అది 2008వ సంవత్సరము. అభ్యర్థి బరాక్ ఒబామా. ఆయనపై వచ్చిన నిందలలో రెండు పాత పరిచయములను గూర్చినవి.

మొదటిది చికాగో మతాచార్యుడు జెరెమయా రైటు సంగతి. ఒబామా ఇంచుమించు ఇరువది యేండ్లు ఆయన చర్చికి పోవుచుండెను. ఒబామాకు పెండ్లి చేయించినవాడును, కుమార్తెలకు జ్ఞానస్నాన మిచ్చినవాడును ఆయనయే. ఆ ఆచార్యుడు ప్రసంగములలో అమెరికాను తీవ్రముగా దూషించిన తునకలను 2008 మార్చిలో టెలివిజనులు పదేపదే చూపినవి. మార్చి 18వ తేదీన ఒబామా ఫిలడెల్ఫియాలో ఉపన్యసించుచు ఆ మాటలను ఖండించెను. కాని తన్ను పెంచిన తెల్లజాతి అమ్మమ్మను ఎట్లు విడనాడలేనో ఈ మనుష్యుని సైతము అట్లే విడనాడలేననెను. ఏప్రిలు చివర ఆచార్యుడు మఱల బహిరంగముగా మాటలాడగా ఒబామా ఆయనతో తెగతెంపులు చేసికొని, మే నెలాఖరున ఆ చర్చిని సైతము వదలెను. ఇరువది యేండ్ల సహవాసమును గూర్చి దేశము అడుగుటలో తప్పు లేదని మా యభిప్రాయము. అడిగిరి, ఆయన బదులు చెప్పెను, విన్నవారు తమ తీర్పు తాము చేసికొనిరి.

రెండవది విలియం ఏయర్సు సంగతి. ఆతడు వియత్నాం యుద్ధకాలమున, 1969లో పుట్టిన ఒక తీవ్రవాద సంఘపు స్థాపకులలో నొకడు. ఆ సంఘము 1971లో వాషింగ్టను శాసనసభా భవనమునను, 1972లో రక్షణశాఖ కార్యాలయమునను బాంబులు పెట్టినది. అప్పటికి ఒబామా తొమ్మిది పదేండ్ల బాలుడు. ఏయర్సు పిమ్మట చికాగోలో విద్యాశాస్త్ర ఆచార్యుడయ్యెను. 1995లో ఒబామా తమ రాష్ట్రపు సెనేటుకు నిలువబోవుచుండగా ఏయర్సు ఇంట ఒక పరిచయ సమావేశము జరిగెను. తరువాత ఇరువురును ఒక ధర్మసంస్థ పాలకవర్గమున సభ్యులుగా నుండిరి. దీనిని పట్టుకొని 2008 అక్టోబరులో ఉపాధ్యక్షపదవికి పోటీచేయుచున్న సారా పేలిన్, ఒబామా ఉగ్రవాదులతో చెలిమి చేయువాడని సభలలో చెప్పెను. పాలు త్రాగినవాడు, త్రాగిన చోటు, నాటిన వాడెవడో యైన తాటిచెట్టు, అన్నియు ఇందు సరిపోయినవి.

ఆ నెలలోనే 10వ తేదీన మిన్నెసోటా రాష్ట్రమున లేక్‌విల్లులో పేలిన్ కక్షికే చెందిన అధ్యక్ష అభ్యర్థి జాన్ మెకెయిను సభ జరిగెను. ఒక స్త్రీ లేచి, ఒబామాను నమ్మజాలననియు, ఆయన అరబ్బనియు పలికెను. మెకెయిను ఆమె చేతినుండి మైకు తీసికొని, కాదమ్మా, ఆయన సంసారి, మర్యాదస్థుడు, మా యిరువురకును భేదాభిప్రాయములే గలవని చెప్పెను. తన సభలో తనవారి యెదుట ప్రత్యర్థి పరువు కాపాడుట చిన్న సంగతి కాదు. అయినను ఆ బదులులో ఒక లోపము మిగిలెను. అరబ్బు మర్యాదస్థుడు కాకూడదా? తొమ్మిది దినములకు మెకెయిను కక్షివాడే యైన కోలిన్ పవెలు ఆ లోపమును పూరించెను. ఒబామా ముస్లిమను పుకారునకు, కాడు, క్రైస్తవుడే యని చెప్పి ఊరకుండక, ముస్లిమైనచో మాత్రము దోషమేమని ఆయన అడిగెను. తాను చూచిన ఛాయాచిత్ర మొకటి చెప్పెను. ఆర్లింగ్టను శ్మశానమున ఒక తల్లి తన కుమారుని సమాధిఫలకమునకు తల ఆనించి కూర్చుండినది. దేశముకొఱకు ప్రాణమిచ్చిన ఆ యిరువది యేండ్ల సైనికుని ఫలకముపై నెలవంకయు నక్షత్రమును చెక్కబడియుండెనట. ఒక మతము పేరునే తిట్టుగా వాడినపుడు ఆ తిట్టు అభ్యర్థితో ఆగక ఆ తల్లి యొడిలో పోయి పడును.

కావున సోదరీమణులారా, మొదటి సందేహమునకు మాకు తోచిన సమాధానమిది. రెండు సామెతలును నిజములే. సంబంధము విచారించునపుడు పిల్లవాని స్నేహితు లెవరని మనము అడుగుదుము, అడుగవలెను కూడ. కాని అంతటితో నిలువము. ఆ స్నేహము ఎంత కాలపుది, వారు తప్పు చేసిననాడు ఇతడు ఎక్కడ నుండెను, తెలిసిన పిమ్మట ఏమి చేసెనని కూడ అడుగుదుము. అధ్యక్షుని విషయమునను ఈ ప్రశ్నలే చాలును. పదవి కోరువాడు ఈ ప్రశ్నలకు నొచ్చుకొనరాదు. అడుగువారు బదులు వినక ముందే తీర్పు చెప్పరాదు.

చెప్పునది ఎవరని విచారించుటయు ముఖ్యమే. పెండ్లిండ్ల వేళ వచ్చు ఆకాశరామన్న ఉత్తరములను మన మెఱుగుదుము. సంతకము లేని యుత్తరమును బట్టి పెండ్లి మానుకొనుట వివేకము కాదు. అమెరికాలో 2002లో చేసిన చట్టము ప్రకారము టెలివిజను ప్రకటన తనదైనచో అభ్యర్థి తన నోటితో ఆ మాట ఒప్పుకొనవలెను. అది సంతకము వంటిది. కాని బయటి సంఘముల ప్రకటనలకు అభ్యర్థి నోటిమాట అక్కఱలేదు. 2010లో సుప్రీముకోర్టు తీర్పు వచ్చిన పిమ్మట కంపెనీలును, కార్మిక సంఘములును స్వతంత్రముగా ఎంతయైనను ఖర్చు పెట్టవచ్చును. సంఘపు పేరు ఇంపుగా నుండును. సొమ్ము ఎవరిదో చూచువారికి తెలియదు. పేరు తెలియని వాడు భయము పుట్టించినపుడు ముందుగా ఆ వాని పేరే అడుగవలెను.

నిప్పు లేనిదే పొగ రాదని ఎవరైన అన్నచో, పొగ పెట్టువారును లోకమున కలరని మన యాడుబిడ్డలు గుర్తుంచుకొందురుగాక. విన్న నిందను ఫోనులో పదిమందికి పంపుటకు వ్రేలు కదల్చుటకు ముందు, అది నిజమా యనియు, దాని దెబ్బ తగులునది ఎవరికనియు ఒక్క క్షణము విచారింపుడు. అభ్యర్థికి బదులు చెప్పుకొనుటకు వేదికలు కలవు. ఆతని యింటివారికి అవి లేవు. రేచెలుకును లేకపోయెను.