ఆకసమున నిబ్బరము



మా చెల్లెలి కుమారుడు హైదరాబాదు హైటెక్ సిటీలో నుద్యోగము చేయుచు, నెలకొకసారి శంషాబాదున విమానమెక్కును. వాడు దిగితినని ఫోను చేయువఱకు ఆమెకు అన్నము సయింపదు. "అక్కా! పైన చక్రములు బిగిసిపోయిన నేమి చేయుదురు?" అని మొన్న మమ్మడిగినది. తెలిసినంత విన్నవించుచున్నాము.

చోదకు లిరువురుందురు. ఒకరు విమానమును నడపుచుండ, రెండవవారు పుస్తకము తెఱచి, అందలి క్రమమును చదివి చేయుదురు. ఎంత యనుభవమున్నను జ్ఞాపకమును నమ్మరాదు. నూనె యొత్తిడిచే దిగవలసిన చక్రములు దిగకున్న, వానిని పట్టియుంచిన కొక్కెములను విడిపింతురు. చక్రములు తమ బరువుచేతనే జాఱి గడియపడును. మూడు పచ్చదీపములు వెలిగిన, మూడును నిలిచినవని గుర్తు. సందేహమున్న, విమానాశ్రయ గోపురము చెంత తక్కువ యెత్తున నెగిరి క్రిందివారిచే చూపించుకొందురు. అప్పటికిని దిగకున్న, అగ్నిమాపక బండ్లను సిద్ధపఱపించి పొట్టపై దింపుదురు.

2024 అక్టోబరు 11న తిరుచిరాపల్లి నుండి షార్జాకు బయలుదేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానమున నూనె యొత్తిడి యంత్రము చెడినది. అది బోయింగ్ 737. చమురును గాలిలో వదలు సదుపాయము దానికి లేదు. నిండు బరువుతో దిగుట యపాయము గనుక, రెండు గంటలకు పైగా అచ్చటనే తిరిగి, చమురు కాల్చి, 141 మంది ప్రయాణికులను క్షేమముగా దింపిరి. సహచోదకురాలు స్త్రీ యని విని మేము సంతసించితిమి.

మన హైదరాబాదు కథ వేఱు. 1993 నవంబరు 15న మద్రాసు నుండి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్సు విమానము, బేగంపేటలో నేల సరిగా కానరాక మరల పైకెగసెను. అప్పుడు బిగిసినవి చక్రములు గావు, ఱెక్కల పలకలు. అవి ముడుచుకొనమిచే వేగము తగ్గి, చమురు వ్యయము హెచ్చెను. మద్రాసుకు మరలుచుండ, చమురు చాలక, తిరుపతి సమీపమున వరిపొలములో దిగవలసి వచ్చెను. అందలి 262 మందియు బ్రదికిరి.

ఒకచోట మిగులు చిక్కు. మఱొకచోట కొఱత చిక్కు. ఏదేని చెడినదని తెలిసినతోడనే, చేత నేమున్నదో లెక్కించుట తొలి కార్యము. పాలు పొంగినపుడు కేకలు వేయు నామెకంటె మంట తగ్గించు నామె మేలు కదా! యక్షునికి బదులిచ్చుచు ధర్మరాజు ధైర్యమునే తోడుగా జెప్పినాడు. ఆ ధైర్యమునకు లెక్కయు తోడు కావలెను.

ఇదంతయు విని మా చెల్లెలు, "భయము పోలేదక్కా, కాని ఈ పూట అన్నము తినగలను" అన్నది. అంతియే చాలును.