ఇంట్లో వచ్చింది.. తోటలో రాలేదు

బీటెక్ అయిపోయి ఏడాది దాటినా నాకు ఉద్యోగం రాలేదు. మైలవరంలో ఇంట్లో ఖాళీగా కూర్చున్నానని మా బాబాయి తన లాబ్రడార్‌ను నాకు అప్పగించాడు. ‘తోటకు కాపలా ఉంటుందని తెస్తే కోతుల్ని చూసి తోక ఊపుతోంది. దీనికేదైనా నేర్పరా’ అన్నాడు. తప్పు కుక్కది కాదు లెండి. అది రిట్రీవర్. పడిన పిట్టను నోట కరుచుకుని, పంటిగాటు పడకుండా యజమాని చేతికి తెచ్చివ్వడం కోసం తయారైన జాతి. కాపలా దాని సిలబస్‌లోనే లేదు.

ఈ జాతికి విదేశాల్లో ఫీల్డ్ ట్రయల్స్ అని పోటీలు పెడతారు. అమెరికాలో 1931 నుంచీ జరుగుతున్నాయి. కుక్క గొలుసు లేకుండా యజమాని పక్కన కదలకుండా కూర్చోవాలి. దూరంగా రెండు మూడు పిట్టలు పడతాయి. ఏది ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకుని, పంపినప్పుడే వెళ్లి ఒక్కొక్కటీ తేవాలి. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది కాబట్టి పిట్టల జోలికి పోలేదు. పాత సాక్సుల్లో గుడ్డలు కుక్కి, మామిడి చెట్ల మధ్య విసిరేవాణ్ని. ఎండకు లాబ్రడార్ తట్టుకోలేదు, అందుకని పొద్దున్నే ఆరింటికల్లా మొదలు.

వారంలో ‘సిట్’ వచ్చేసింది. పెరట్లో చెబితే టక్కున కూర్చునేది. తోటలో చెబితే నన్ను ఎప్పుడూ చూడనట్టు ఉడత వెంట పరుగు! మొండిది అనుకున్నా. తర్వాత తెలిసింది, కుక్క మాటను ఒక్కదాన్నే నేర్చుకోదు. పెరడు, గోడ, నా చేతిలో బిస్కట్ అన్నీ కలిపి నేర్చుకుంటుంది. చోటు మారితే మళ్లీ మొదటి నుంచి. అందుకే శిక్షకులు ఒకసారికి ఒక్కటే మారుస్తారు. దూరం పెంచితే సందడి తగ్గిస్తారు, కొత్త చోటికి తీసుకెళితే దూరం తగ్గిస్తారు.

అప్పుడు నా ఇంటర్వ్యూలు గుర్తొచ్చాయి. లింక్డ్ లిస్ట్ రివర్స్ చేయడం నా గదిలో, నా ల్యాప్‌టాప్ మీద నిద్రలో అడిగినా చేసేవాణ్ని. ముగ్గురు ఎదురుగా కూర్చుని తెల్లకాగితం ఇస్తే బుర్ర ఖాళీ. నాకు వచ్చింది లింక్డ్ లిస్ట్ కాదు, గదిలో లింక్డ్ లిస్ట్. మరి మనం ఏం చేస్తాం? అదే గదిలో ఇంకో రెండు వందల ప్రశ్నలు చేస్తాం. ‘తప్పక వచ్చే ప్రశ్నలు’ అంటూ నా బ్లాగులో నేనూ రాశాను, ఒప్పుకుంటున్నా. బాగా చదివారు కూడా. కానీ మీకు కావాల్సింది కొత్త ప్రశ్నలు కాదు, పాత ప్రశ్నలకే కొత్త చోట్లు. ఒకరోజు కాగితం మీద రాయండి. ఇంకోరోజు పైకి చెబుతూ చేయండి. ఆ తర్వాత పరిచయం లేని సీనియర్ ముందు.

ఇంకో సంగతి. కుక్క సరిగ్గా చేసిన క్షణంలోనే మెచ్చుకోవాలి. అర నిమిషం ఆగితే దేనికి బిస్కట్ ఇచ్చామో దానికి అర్థం కాదు. రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ చదివినవాళ్లకు ఇది తెలిసిన తలనొప్పే. ఆ రంగానికి పునాది వేసిన సటన్, బార్టోలకు 2024 ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఎన్నో అడుగుల తర్వాత ఫలితం వస్తే ఏ అడుగు పనిచేసిందో తేల్చడం యంత్రానికీ కష్టమే. మూడు వారాలకు, కారణం లేకుండా వచ్చే రిజెక్షన్ మెయిల్ నుంచి మీరేం నేర్చుకుంటారు? అందుకే యాభై చోట్ల అప్లై చేయడం సాధన కిందకు రాదు. మాక్ ఇంటర్వ్యూ పది నిమిషాలే పెట్టుకోండి. తప్పు దొర్లిన వాక్యం దగ్గరే ఆపమని ఎదుటివాళ్లకు ముందే చెప్పండి.

ట్రయల్స్‌లో అసలు కష్టమైనది ‘బ్లైండ్’. పిట్ట ఎక్కడ పడిందో కుక్క చూడలేదు. యజమాని చూపిన దిక్కుకు పరుగెత్తాలి. విజిల్ వినపడితే ఆగి, వెనక్కి తిరిగి, చేతి సైగ చూడాలి. మావాడు ఇది మూడు నెలలకు గానీ పట్టుకోలేదు. ఇంటర్వ్యూలో ‘ఇన్‌పుట్ ఖాళీగా ఉంటే?’ అని అడిగారంటే అది విజిలే. మనలో చాలామంది ‘చెప్తా సార్’ అంటూ పరుగు ఆపం.

హైదరాబాద్ దగ్గర మొయినాబాద్‌లో పోలీసు జాగిలాలకు ఎనిమిది నెలల శిక్షణ ఇస్తారు. కుక్కతోపాటు దాని హ్యాండ్లర్ కూడా అక్కడే ఉండి నేర్చుకుంటాడు. మీకు ఆ హ్యాండ్లర్ ఎవరు? కాలేజీలో మనిషికొకరు దొరకరు. ఇద్దరు స్నేహితులు వంతులవారీగా ఒకరికొకరు ఆ పని చేయొచ్చు, నేనూ అలాగే చేశాను.

‘మేమేమన్నా కుక్కలమా?’ అంటారేమో. కాదు. పైగా ఎంత సాధన చేసినా లేని ఉద్యోగాలు పుట్టవు, అదీ నిజమే. ఉన్న ఇంటర్వ్యూను గదిలో వచ్చిన విద్యతో పోగొట్టుకోవడం గురించే నా బాధ.

నాకు ఏడో ఇంటర్వ్యూలో ఉద్యోగం వచ్చింది. ఆ మే నెలలో మావాడు రాలిపడిన చిన్నరసం పండును తోట ఆ చివర నుంచి తొక్క చిట్లకుండా తెచ్చి బాబాయి చేతిలో పెట్టాడు. కోతుల్ని చూస్తే మాత్రం ఇప్పటికీ తోక ఊపుతాడు.