కోడలికి రెండో తెర

పాలకొల్లు నుంచి ఒక పాఠకురాలు పెద్ద వుత్తరం రాశారు. ఆమె కోడలు సివిల్ డిప్లొమా చదివింది. లైసెన్సు వున్న ఒక ఇంజనీరుగారికి ఇంట్లోనే కూర్చుని, కంప్యూటరు మీద ఇళ్ల ప్లాన్లు గీసి ఇస్తోంది. ఇప్పుడా అమ్మాయి వున్న తెర చాలదని, పక్కన మరొకటి కావాలని అంటోందట. “పని చేసే మనిషి ఒక్కతే కదా, తెరలు రెండెందుకు? ఒకదాంట్లో పని, రెండోదాంట్లో సినిమా కాదు కదా?” అని అత్తగారి సందేహం. దాసరి నారాయణరావుగారినీ, అల్లు రామలింగయ్యగారినీ సినిమాలకిచ్చిన వూరు కదా! తెర అనగానే సినిమా గుర్తుకు రావడంలో ఆమె తప్పేమీ లేదు.

అయితే వుత్తరం చివర రాసిన సంగతే అసలైనది. కిందటేడు ఒక ఇంటివారు వాస్తు కోసం మెట్లను ఒక పక్కనుంచి మరో పక్కకు మార్పించారు. కోడలు ప్లానులో మార్చింది. ఎలివేషనులో, అంటే ఇంటి ముఖం చూపించే బొమ్మలో, పాత కిటికీ అట్లాగే వుండిపోయింది. గోడ లేచి, కిటికీ చట్రం నిలబెట్టాక, మెట్లకు సెంట్రింగు కొడుతుంటే బయటపడింది. మెట్లు మలుపు తిరిగే చోట వుండే చదును సరిగ్గా ఆ కిటికీకి అడ్డంగా వస్తోంది! గోడ పగలగొట్టి మళ్లీ కట్టారు. ఖర్చులో సగం ఆ పిల్ల తన సంపాదనలోంచి ఇచ్చుకుంది. “అజాగ్రత్తకు రెండో తెర మందా?” అని ఆమె ప్రశ్న.

అమ్మా, జవాబు మీ వంటింట్లోనే వుంది. నెల సామాను వచ్చినప్పుడు ఎట్లా సరిచూస్తారు? చీటీ చేతిలో వుంటుంది, పొట్లాలు ఎదురుగా వుంటాయి. చీటీని పడకగదిలో వుంచి, రెండు వస్తువులు చదివి రావడం, పొట్లాలు చూడడం, మళ్లీ వెళ్లి చదవడం అయితే? నాలుగు తిరుగుళ్లకు కందిపప్పు కిలోయా, రెండు కిలోలా అన్నది కలగాపులగం అవుతుంది. అది అజాగ్రత్త కాదు. చూడవలసిన రెండూ ఒకచోట లేకపోవడం.

ఇంటి డ్రాయింగూ అంతే. మీ వూరి క్షీరారామలింగేశ్వరస్వామివారి గోపురాన్నే తీసుకోండి. తొమ్మిది అంతస్తులు, సుమారు 120 అడుగుల ఎత్తు. ప్లానులో గీస్తే మాత్రం అది నేలమీద నాలుగు గీతల పెట్టె. ఎత్తు ఎలివేషనులోనే కనబడుతుంది. లోపలి సంగతులు, ఇంటిని నిలువుగా కోసినట్టు చూపించే సెక్షనులో కనబడతాయి. మూడూ ఒకే కట్టడానికి మూడు చూపులు. ఒకదాంట్లో మెట్టు కదిలితే మిగతా రెండిట్లోనూ కదలాలి.

పూర్వం డ్రాఫ్ట్స్‌మన్లకు ఈ చిక్కు తక్కువ. పెద్ద బల్లమీద కాగితాలన్నీ పక్కపక్కన పరిచి, టీ స్క్వేరు జరుపుకుంటూ గీసేవారు. పెద్ద డ్రాయింగులకు వాడే ఏ1 కాగితం 841 మిల్లీమీటర్ల పొడుగు, 594 వెడల్పు. ఈనాటి 24 అంగుళాల తెర సుమారు 530 మిల్లీమీటర్ల పొడుగు, 300 ఎత్తు. అంటే అటువంటి తెరలు మూడు పెడితే గాని పాతకాలపు కాగితం ఒక్కటి కాదు! కంప్యూటరు గీత పనిని సులువు చేసింది గాని, బల్లను కుదించేసింది. మీ కోడలు అడుగుతున్నది విలాసం కాదు, పోయిన బల్లలో కొంత.

ఇది కొత్త కోరికా కాదు. ఆటోకాడ్ 1982లో వచ్చింది. ఆ తొలి రోజుల్లోనే వీలున్నవారు ఒక తెరమీద బొమ్మ, రెండో తెరమీద అక్షరాలు పెట్టుకునేవారు. విండోస్ 98తో మామూలు కంప్యూటర్లకూ ఈ సదుపాయం వచ్చింది.

కొనేముందు ఖర్చులేని వుపాయం ఒకటి. 2015లో వచ్చిన విండోస్ 10 మొదలుకొని, విండోస్ మీట, కంట్రోల్, డి కలిపి నొక్కితే అదే తెరమీద మరో బల్ల తయారవుతుంది. విండోస్, కంట్రోల్‌తో పక్క బాణం మీటలు నొక్కితే ఒక బల్లనుంచి మరో బల్లకు పోవచ్చు. ఒకదానిమీద డ్రాయింగులు, మరొకదానిమీద వుత్తరాలు, లెక్కలు పెట్టుకుంటే మనసు చెదరదు. కాని ఒకటి చూసేటప్పుడు రెండోది కనబడదు. చీటీ మళ్లీ పడకగదిలోనే! సర్దుకోవడానికి ఇది చాలు. సరిచూసుకోవడానికి రెండో తెరే కావాలి.

కొంటే, ముందు కంప్యూటరుకు రెండో తెర తగిలించే చోటు వుందో లేదో చూడండి. తగిలించాక విండోస్, పి నొక్కి ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకోవాలి. లేకపోతే ఒకే బొమ్మ రెండు చోట్లా కనబడుతుంది. ఆటోకాడ్ 2022 మొదలు, డ్రాయింగును విడిగా లాగి రెండో తెరమీద పెట్టుకోవచ్చు. అంతకన్న పాతదైతే, సరిచూడవలసిన డ్రాయింగును పీడీఎఫ్ చేసి అక్కడ తెరిస్తే సరిపోతుంది.

గీసే తెర ఎదురుగా వుండాలి, చూసుకునే తెర పక్కన కొంచెం వాలుగా. రెండిటి పై అంచులూ కంటిమట్టానికి మించకూడదు. 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరాన వున్న కొబ్బరిచెట్టునో, ఎదురింటి గుమ్మాన్నో 20 సెకన్లు చూడమనండి. కరెంటు పోతే రెండో తెర ఆరిపోకుండా, దాన్నీ యూపీఎస్‌కు తగిలించండి. అన్నిటికన్న ముందు, అమ్మాయి పని చేసేది భోజనాల బల్లమీదైతే ఆమెకు వేరే బల్ల చూడండి.

ఒక్క మాట కోడలికి కూడా. తెర తప్పును చూపిస్తుందే గాని, దానంతట అది పట్టుకోదు. మార్పు చేసిన ప్రతిసారీ మూడు చూపులూ తెరిచి మెట్లు, కిటికీలు, ఎత్తులు వేలు పెట్టి సరిచూసుకున్నాకే కాగితం గడప దాటాలి.

ఇక అత్తగారికి. ఆ గోడ పగలగొట్టి కట్టిన ఖర్చు ఒక కాగితంమీద, తెర ఖరీదు మరో కాగితంమీద రాయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పక్కపక్కన పెట్టి చూస్తే ఎంత తేలికగా తెలుస్తుందో, అప్పుడు మీకే బోధపడుతుంది.