డ్రాయింగు పీరియడు ఎవరిది?

ఉన్నత పాఠశాలలో చదువుకొను బాలబాలికలకు చిత్రకళను, డిజైనును నేర్పవలెనా యను ప్రశ్నను మన విద్యావేత్తలలో ఈనాడు బహిరంగముగా వేయువారు లేరు. నేర్పవలెననియే అందఱు నందురు. 1964–66 నాటి కొఠారీ సంఘము కళావిద్య ఉపేక్షకు గుఱియగుచున్నదని చింతించెను. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము పదవ తరగతి వఱకు కళలను విధిగా బోధింపుమనెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము కళలకును శాస్త్రములకును నడుమ గోడలు వలదనెను. ఇన్ని మాటలు పలికిన పిమ్మటను, హైదరాబాదులోని తార్నాక కూడలి నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయము వైపు పోవు త్రోవలో, భుజమున బరువైన సంచితో ఇంటికి పోవుచున్న ఎనిమిదవ తరగతి బాలునొకనిని ఆపి, డ్రాయింగు పీరియడు ఎప్పుడని నేనడుగగా, “శనివారం లాస్ట్ పీరియడ్ సార్, కానీ లెక్కల సారు తీసుకుంటారు” అని వాడు చెప్పెను. వాని కంఠమున ఫిర్యాదు లేదు. అది లోకసహజమని వాడెప్పుడో ఒప్పుకొనియున్నాడు.

కాగితముపై లోటేమియు లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధమున, ఆఱు మొదలు ఎనిమిది వఱకు గల తరగతులలో విద్యార్థులు నూర్గురకు మించినచో కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకుడుండవలెనని స్పష్టముగా వ్రాయబడియున్నది. పదవ తరగతి పరీక్షా సంస్కరణలలో కళా సాంస్కృతిక విద్యయు గ్రేడు పొందవలసిన సహపాఠ్య విషయమైనది. పాఠము జరుగకయే గ్రేడు పడుట మాత్రము నాకు మిక్కిలి బాధాకరముగా తోచును. ఏలయన, చేయని పనికి గ్రేడు పుచ్చుకొనుట తప్పు కాదని పదునైదేండ్ల పిల్లవానికి మనమే నేర్పుచున్నాము. లెక్కల ఉపాధ్యాయుని తప్పుపట్టుటకు నా మనస్సొప్పదు. ఆయనను ఫలితముల పట్టిక తఱుముచున్నది. డ్రాయింగు మాస్టరు పదవీ విరమణ చేసిన పిదప ఆ స్థానమును నింపకుండ విడిచిన ఉన్నత పాఠశాలలు మన జిల్లాలలో తక్కువ కావు. యజమానిలేని పీరియడును ఎవ్వరో ఒకరు పుచ్చుకొనక మానరు.

ఈ లోపము పిల్లల ఏ వయస్సులో కలుగుచున్నదో గమనించిననాడు దాని తీవ్రత తెలియును. ఐదేండ్ల శిశువు ఒక సున్నకు రెండు కాళ్లు తగిలించి అది అమ్మ యని చెప్పి సంతోషించును. దానిని తప్పుపట్టువాడు బయట లేడు, ఆ శిశువు లోపలను లేడు. పండ్రెండు పదుమూడేండ్లు వచ్చునప్పటికి ఆ బిడ్డయే తాను గీచిన బొమ్మను తాను చూచిన వస్తువు ప్రక్కన నిలిపి పోల్చుకొనును. ఆ పోలికలో తానోడిపోయితినని కుమిలిపోవును. ఆస్ట్రియాలో జన్మించి అమెరికాలో కళావిద్యాచార్యుడైన విక్టర్ లోవెన్‌ఫెల్డ్, 1947లో ప్రకటించిన తన గ్రంథమున, ఈ దశను ప్రత్యేకముగా విడదీసి వివరించెను. ఆ గ్రంథము చదువనక్కఱ లేదు; ఏడవ తరగతి పిల్లలు వేసిన మనుష్యుల బొమ్మలు పది తెప్పించుకొని చూడుడు. వానిలో సగము బొమ్మలకు చేతులు వీపు వెనుకనో జేబులలోనో యుండును. వ్రేళ్లు గీయుట తమకు రాదని ఆ పిల్లలకు తెలిసినది. తమకు రాదన్న సంగతి ఒరులకు తెలియరాదని వారి కోరిక. కొన్ని కాగితములు రబ్బరుతో రుద్ది రుద్ది ముఖము చోట చిరిగియుండును. గురువు కావలసిన సమయమది. “వ్రేళ్లను విడివిడిగా చూడకు, మొదట అరచేతిని ఒక పలకగా గీయుము, వ్రేళ్లు దానినుండి ఎట్లు విచ్చుకొనుచున్నవో నీ చేతినే చూచి గీయుము” అని చెప్పువాడొకడున్నచో ఆ బిడ్డ గట్టెక్కును. మనము ఆ సమయముననే పీరియడును తీసివేయుచున్నాము. బొమ్మలు తమకు రావని జీవితాంతము చెప్పుకొను పెద్దలలో పెక్కుమంది ఆ మాటను ఆ రెండు మూడేండ్లలోనే నేర్చుకొనినవారని నా నమ్మకము.

ఒకవేళ పీరియడు మిగిలినను అందు జరుగు పని నాకు తృప్తి నీయదు. నల్లబల్లపై రెండు కొండలు, వాని నడుమ సూర్యుడు, ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు, వంకరగా పాఱు నది: ‘సీనరీ’ యను పేర తరతరములుగా మన పిల్లలు ఎక్కించుకొను ఈ దృశ్యమును తార్నాక బాలుడు ఏనాడును చూచి యెఱుగడు. దీనికి విరుద్ధముగా, ఏమియు నేర్పవలదు, వలసినట్లు గీచుకొననిండు అనువారును గలరు. శిశువులకు ఆ స్వేచ్ఛ అమృతమే. వియన్నాలో ఫ్రాంజ్ సిజెక్ చిన్నపిల్లల కళాతరగతులను ఆ భావముతోనే నడిపెను. కాని పదుమూడేండ్లవానికి ఉపాయము చెప్పకుండ స్వేచ్ఛ నొసగుట వానిని ఒంటరిగా విడిచిపెట్టుటయే యగును. ఆ వయస్సున నేర్పవలసినది చూపు. వానికి చూపదగిన వస్తువు తార్నాకకు నడకదూరముననే కలదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో వెలసినను, దాని ఆర్ట్స్ కళాశాల భవనమునకు 1934లో పునాది పడి, 1939లో ప్రారంభోత్సవము జరిగెను. ఆ భవనమును సంకల్పించినప్పుడు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా యను ఇరువురు వాస్తునిపుణులను దేశదేశముల విశ్వవిద్యాలయములు చూచి రమ్మని పంపిరి. బెల్జియము దేశీయుడైన ఎర్నెస్ట్ జాస్పర్ దానికి రూపకల్పన చేసెను. గీయుటకు ముందు ఎంత చూచిరో గమనింపుడు. డిజైను పాఠమునకు అదియే మొదటి వాక్యము కావలెను. గులాబి చాయగల మన రాతితో కట్టిన ఆ భవనమున గుహాలయముల స్తంభములను తలపించు స్తంభములును, మహమ్మదీయ వాస్తువునకు చెందిన మొనదేలిన కమానులును ఒకే కప్పు క్రింద కలహింపక నిలిచియున్నవి. ఆ మెట్లపై సెల్‌ఫోనుతో ఛాయాచిత్రములు తీసికొనువారిని నేను నిత్యము చూతును. అట్ట మోకాలిపై పెట్టుకొని ఆ కమానును గీయుచున్న బడిపిల్లలు మాత్రము నాకంట పడలేదు.

ఆ భవనము ముందు చెప్పదగిన ఒక పాఠమును వివరించెదను. నేలమీద రెండు మేకులు దిగగొట్టి, వాని నడుమ దూరమే నిడివిగా ఒక పురికొస తీసికొని, ఒక కొసను మొదటి మేకునకు కట్టి, రెండవ కొసన సుద్దముక్క నుంచి, రెండవ మేకు నుండి పైకి ఒక చాపమును గీయవలెను. పిదప కొసను రెండవ మేకునకు మార్చి, మొదటి మేకు నుండి అట్లే గీయవలెను. రెండు చాపములును పైన కలిసిన చోట మొనదేలిన కమాను సిద్ధించును. తొమ్మిదవ తరగతి పిల్లలు సమబాహు త్రిభుజమును నిర్మించునప్పుడు కంపాసుతో గీయునవి ఈ చాపములే. లెక్కల నోటుబుక్కులో అవి శీర్షబిందువును కనుగొనుటకు పనికివచ్చి అంతటితో మఱుగున పడును; తాపీమేస్త్రి చేతిలో అవియే ద్వారమగును. ఇక కమాను వెడల్పు మాఱకుండ, చాపకేంద్రములను లోపలికి జరిపినచో కమాను పొట్టియై మొద్దుబాఱును. రెండు కేంద్రములును నడుమ ఒక్కటైనచో అది అర్ధవృత్తమగును. వెడల్పునకు వెలుపలికి జరిపినచో సన్ననై, నిటారై లేచును. ఈ మాఱ్పులను తమ చేతులతో గీచి చూచిన పిమ్మట పిల్లలు తలయెత్తి ఎదుటి ద్వారమును చూచినచో, అది వారికి మునుపటి ద్వారము కాదు. దాని ప్రతి వంపును ఒక మనుష్యుడు ఆలోచించి ఎంచుకొన్నాడని వారికి స్ఫురించును. లెక్కల సారునకు పోయిన పీరియడులో కొంత ఈ విధముగా ఆయన సహకారముతోనే తిరిగి రాబట్టవచ్చును. తార్నాకలోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయపు ఆవరణలో మహలఖా బాయి పేర నొక మెట్లబావి కలదు. దూరమగుకొలది మెట్లెట్లు కుఱుచబడునో గీచుటకు అంతకంటె మంచి చోటు ఈ ప్రాంతమున లేదు.

డిజైను అనగా ఖరీదైన కంప్యూటరును కొనవలసిన చదువని పెక్కు పాఠశాలల భయము. ఒక పాఠశాల కుళాయి వద్ద ఆఱవ తరగతి బాలిక ముంగాళ్లపై నిలిచి, ఒక చేతితో తిప్పుచు రెండవ చేతితో సీసా పట్టుకొనుటకు అవస్థ పడుచుండగా చూచితిని. ఆ కుళాయి యెత్తెంత? ఆ తరగతి పిల్లల భుజముల యెత్తెంత? కొలత టేపుతో కొలిచి, గ్రాఫు కాగితముపై స్కేలుకు గీచి, అట్టతో నమూనా చేసి, అది పనికిరానిచో మఱల మార్చుట డిజైనుకాక మఱేమి? మెట్రో స్టేషను దిగి బస్సుకొఱకు నిలుచు ముదుసలికి కూర్చుండుటకు బల్ల యెంత యెత్తుండవలెనని తార్నాక పిల్లలు ఆలోచింపవచ్చును. పోచంపల్లిలో నేతకు ముందే నూలును లెక్కప్రకారము కట్టి రంగులో ముంచు కుటుంబములు గ్రాఫు కాగితముపై నమూనాను ముందుగా గీచుకొనుట అందఱెఱిగినదే. ఆ కాగితమొకటి తరగతిలో గోడకు అంటించిన చాలును.

ఇట్టి పాఠములు చెప్పువారు మనకు పూర్వము లేకపోలేదు. రాజమహేంద్రవరమున కళాశాలాధ్యక్షుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సహింపగా దామెర్ల రామారావు బొంబాయి జె.జె. కళాశాలకు పోయెను, 1925లో చిన్నవయస్సుననే గతించినను తెలుగువారి చిత్రకళకు ఒక మార్గము చూపెను. 1910లో బందరున స్థాపితమైన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీ కడ అడివి బాపిరాజు చిత్రకళ నభ్యసించెను. వీరందఱికంటె నా మనస్సునకు దగ్గఱివాడు సిద్దిపేట కాపు రాజయ్య. ఆయన ఉన్నత పాఠశాలలో డ్రాయింగు మాస్టరు. నకాషీ చిత్రకారుల రంగులను, రేఖను ఆదరించి, బోనములను, బతుకమ్మను, పల్లె బ్రతుకును చిత్రించి దేశమున పేరొందిన ఆ మహనీయుడు, 1963లో సిద్దిపేటలోనే లలిత కళా సమితిని స్థాపించి ఊరి పిల్లలకు కళను దగ్గఱ చేసెను. డ్రాయింగు మాస్టరు ఉద్యోగమును చిన్నదిగా చూచు అధికారులు ఆయన జీవితమును ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

చిత్రకళను కూడ నూఱు మార్కుల పరీక్షగా మార్చినగాని పాఠశాలలు పట్టించుకొనవని కొందఱు మిత్రులు వాదింతురు. నేనొప్పను. మార్కులు వచ్చిన మఱుదినమే గైడుపుస్తకమును వచ్చును, మఱల రెండు కొండల నడుమ సూర్యుడుదయించును. ఇష్టమున్నవారికి లోయర్, హయ్యర్ డ్రాయింగు పరీక్షలు ప్రభుత్వము నడుపుచునే యున్నది. తక్కినవారికి ఏడాది పొడుగున తాము గీచిన కాగితములను దాచుకొను ఒక ఫైలు చాలును. మొదటి కాగితమును, చివరి కాగితమును ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో బిడ్డ ఎంత యెదిగెనో తల్లికిని తెలియును.

విశ్వవిద్యాలయాధికారులకు నా విన్నపమొకటి: ప్రతి నెల రెండవ శనివారము ఉదయమున, ఆర్ట్స్ కళాశాల ముందరి ఆవరణమును చుట్టుప్రక్కల ఉన్నత పాఠశాలల పిల్లలకు గీచుకొనుటకై విడువుడు; త్రాగునీరు, నీడ తప్ప వారికి మఱేమియు అక్కఱలేదు. తార్నాక, హబ్సిగూడ, లాలాపేట తల్లిదండ్రులకు మఱియొకటి: ఈ మాఱు పాఠశాల సమావేశమునకు పోయినప్పుడు, లెక్కల మార్కులడిగిన పిమ్మట, డ్రాయింగు మాస్టరెవరు, ఆయన పీరియడు ఏ దినము, దానిని నిజముగా తీసికొనుచున్నదెవరు అని అడుగుడు. మాస్టరు లేడన్నచో, ప్రధానోపాధ్యాయుని ద్వారా జిల్లా విద్యాశాఖాధికారికి అర్జీ వ్రాయుడు. సంతకమునకు పొరుగింటివారిని కూడ పిలువుడు.