బంతిలో చివరి చాప

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగారు. మా బ్యాచ్ వాళ్ళు కలం పడితే వార్డెన్ సారును, ట్రంకు పెట్టెను, ఆదివారం గుడ్డును తలుచుకుంటారు. అవన్నీ నాకూ గుర్తే. కానీ ఈసారి హిమాలయాల గురించి రాస్తాను. మన హాస్టలు పిల్లలు ఒక్కసారైనా హిమాలయాలకు వెళ్ళాలన్నది నా మొదటి అభిప్రాయం. వెళ్ళినవాళ్ళు మంచు మాత్రమే చూసి తిరిగి రాకూడదన్నది రెండోది. నా లెక్కలో రెండోదే పెద్దది.

"కొండలు మనకెందుకురా, అవి డబ్బున్నోళ్ళ సరదాలు" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. ఆ మాటకు 2014 మే 25న జవాబు వచ్చింది. ఆ రోజు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ పొంది, టిబెట్ వైపు నుండి ఆ 8,849 మీటర్ల శిఖరం చేరారు. పేపర్లో వాళ్ళ ఫోటో చూసి మా అమ్మ "ఈ పిల్లలు మీ హాస్టలోళ్ళేనా?" అని అడిగింది. "మనోళ్ళే అమ్మా" అన్నాను. ఆ మాట అంటుంటే ఎంత గర్వమేసిందో చెప్పలేను.

ఆ గర్వంతోనే 2018 వేసవిలో మేము ముగ్గురు మిత్రులం లడఖ్ బయలుదేరాం. ఎక్కడం మాకు రాదు, చూసి వద్దామనే వెళ్ళాం. ఢిల్లీ దాకా రైలు. అక్కడి నుండి లేహ్‌కు హిమాచల్ ఆర్టీసీ బస్సు. వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దారి. ఆ బస్సు ఎండాకాలంలోనే నడుస్తుంది, చలికాలం కనుమలు మంచుతో మూసుకుపోతాయి. తంగ్లంగ్ లా అనే కనుమ 5,300 మీటర్ల ఎత్తు. అక్కడ మా తలలు పగిలిపోతాయేమో అనిపించింది. లేహ్ పట్నమే 3,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది. చేరిన రెండు రోజులు ఎటూ తిరగకుండా పడుకోవాలి. తమ్ముళ్ళారా, ధైర్యం చూపించబోయి ఈ ఒక్క నియమం తప్పకండి. గాలిలో ప్రాణవాయువు తక్కువ, ఒంటికి అలవాటు కావాలి.

మూడో రోజు హెమిస్ ఆరామానికి వెళ్ళాం. లేహ్‌కు సుమారు 45 కిలోమీటర్లు. పద్మసంభవుడి జయంతికి అక్కడ రెండు రోజుల ఉత్సవం జరుగుతుంది. లడఖ్‌లో చాలా ఆరామాల ఉత్సవాలు చలికాలంలో వస్తాయి. హెమిస్‌ది వేసవిలో కాబట్టి యాత్రికులు ఎక్కువ. మనిషి కంటే పొడుగైన కొమ్ముబూరలు ఊదుతుంటే భిక్షువులు పెద్ద పెద్ద ముఖోటాలు పెట్టుకుని నాట్యం చేస్తారు. దాన్ని 'ఛామ్' అంటారు. అది వాళ్ళకు పూజ, చెడును అణచే క్రతువు.

ఒక ముసలమ్మ ప్రార్థన చక్రం తిప్పుతూ కూర్చుంది. ఎవరో ఒకాయన ఆమె ముఖానికి జానెడు దూరంలో కెమెరా పెట్టాడు. ఆమె ముఖం తిప్పుకుంది. అతను ఇటు తిరిగి మళ్ళీ తీశాడు. నాకు మన హాస్టలు జ్ఞాపకం వచ్చింది. ఎవరో పెద్దమనుషులు వచ్చి మనకు పళ్ళు, దుప్పట్లు పంచి, దుప్పటి సగం మన చేతిలో సగం వాళ్ళ చేతిలో ఉండగా ఫోటో దిగేవాళ్ళు గుర్తుందా? "ఇటు చూడు, నవ్వు" అనేవాళ్ళు. మన పేరు మాత్రం అడిగేవాళ్ళు కాదు. నేను నా ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

అసలు సంగతి ఆ తరువాతి వారం ఒక ఊళ్ళో జరిగింది. అక్కడ ఒకరి ఇంట్లో బస చేశాం. బార్లీ వేయించి విసిరిన పిండి పెట్టారు. తొలి ఏకాదశికి మనం తినే పేలపిండికి అన్నదమ్ముల వరస. వెన్న, ఉప్పు వేసిన చాయ్ పోశారు. 'జూలే' అనే ఒక్క మాట నేర్పించారు. నమస్కారానికీ, కృతజ్ఞతకూ, వెళ్ళొస్తానని చెప్పడానికీ అదే మాట. ఆ ఊళ్ళో బాణాల పండుగ. మగవాళ్ళు వరసగా గురి చూసి కొడుతుంటే పక్కన 'దామన్' అనే జంట డోళ్ళు, 'సుర్నా' అనే సన్నాయి మోగుతున్నాయి. ఆ దరువు వింటుంటే నా కాళ్ళు ఆగలేదు. మా నాన్న డప్పు కొడతాడు. నాకు దరువు నెత్తుట్లోనే ఉంది.

తరువాత అందరూ బంతిలో కూర్చున్నారు. అక్కడ బంతికి ఒక లెక్క ఉంది. ఎవరి స్థాయిని బట్టి వారి చోటు. డోళ్ళు కొట్టినవాళ్ళు అందరికంటే చివర, కొంచెం ఎడంగా కూర్చున్నారు. ఎందుకని మా ఇంటి అమ్మాయిని అడిగాను. ఆమె కాలేజీ చదువుతోంది. "వాళ్ళు మోన్‌లు అన్నా, ఎప్పటి నుంచో అక్కడే కూర్చుంటారు" అని తల దించుకుంది. మోన్‌లు, బేడలు వాయిద్యకారులు, గర్రాలు కమ్మరులు. 1989లో లడఖ్ తెగలను షెడ్యూల్డు తెగలుగా గుర్తించినప్పుడు ఈ మూడు పేర్లూ ఆ జాబితాలో చేరాయి. జాబితాలో అందరితోపాటు ఉన్నారు గానీ బంతిలో లేరు.

నాకు నోట మాట రాలేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ బౌద్ధం తీసుకున్నది ఇలాంటి బంతులు లేని చోటు కోసమే కదా. బుద్ధుడి నేల అని ఎంతో ఆశపడి వెళ్ళాను. బుద్ధుడు చెప్పనిది ఆ కొండల్లోకి కూడా ఎక్కింది. అంత చల్లటి గాలి, అంత మంచి మనుషులు, అయినా చివరి చాప అక్కడా ఉంది. మోన్ కుర్రవాళ్ళు చాలామంది ఈ వృత్తి వదిలేస్తున్నారని, పండుగలకు వాయించేవాళ్ళు దొరకడం కష్టమవుతోందని ఆ అమ్మాయి చెప్పింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చలికి కాదు. ఆరో తరగతిలో హాస్టలులో చేరినప్పుడు మీ నాన్న ఏం చేస్తాడని అడిగితే "వ్యవసాయం" అని చెప్పాను. మా నాన్న కూడా "డప్పు ముట్టకు, పుస్తకం పట్టు" అనేవాడు. చావుకూ పెళ్ళికీ జాతరకూ ఆయన లేకుండా ఊరు కదలదు. అందరూ తిన్నాకే ఆయనకు అన్నం. ఆయన నన్ను వద్దన్నది డప్పును కాదని, ఆ చివరి చోటునని నాకు ముప్పై రెండేళ్ళ వయసులో, మూడువేల అయిదువందల మీటర్ల ఎత్తులో అర్థమైంది.

కొందరు మిత్రులు "అంత దూరం పోయి ఇవే చూశావా, హాయిగా కొండలు చూసి రావచ్చు కదా" అన్నారు. కొండలూ చూశాను. చాలా అందంగా ఉన్నాయి. కానీ పోయినవాళ్ళందరూ రాసేది ఆ అందమే. బంతి చివర ఎవరున్నారో చూడటం మనకు చిన్నప్పటి నుండి వచ్చిన చదువు. ఆ చూపు తాకట్టు పెట్టి యాత్ర చేయడం దేనికి? లడఖ్ వాళ్ళను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్ళు నాకు అన్నం పెట్టారు, ఆ అమ్మాయి నిజం దాచలేదు. మన ఊళ్ళను పక్కన పెట్టి వాళ్ళను అనే హక్కు నాకు లేదు.

కాబట్టి తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఉద్యోగం వచ్చిన మొదటి సంవత్సరమే కొంత దాచుకుని వెళ్ళండి. రెండు రోజులు పడుకోండి. జూలే చెప్పండి. అడిగి ఫోటో తీయండి. మీ చెత్త మీరే వెనక్కి తెచ్చుకోండి. పండుగలో డోలు కొట్టినతని దగ్గరకు వెళ్ళి పేరు అడగండి. నేను అడిగాను. నన్ను తన పక్కన కూర్చోమన్నాడు. ఆ పూట నేను అన్నం తిన్నది ఆ చివరి చాప మీదే.

చివరగా వార్డెన్ సారుకు ఒక మనవి. వార్షికోత్సవం రోజు ఊరేగింపుకు పక్క ఊరి డప్పులను పిలుస్తాం. సభ మొదలుకాగానే వాళ్ళు గేటు బయట చెట్టు కింద కూర్చుంటారు. ఈసారి ముందు వరసలో వాళ్ళకు కుర్చీలు వేయించండి. భోజనాల బంతిలో మొదటి పళ్ళేలు వాళ్ళకు పెట్టించండి. మా నాన్నను కూడా తీసుకొస్తాను. ఆయన డప్పు కొడతాడని ఈసారి నేనే మైకులో చెబుతాను.