వాకిటి ముందఱి కారు

ఆదివారమునాడు గండికోటకు పోయి చూడుడు. జమ్మలమడుగునుండి వచ్చు దారి కోటవాకిలి సమీపించుకొలది కార్ల వరుసలతో ఇఱుకగుచుండును. పెమ్మసానివారు ఏలిన కోట యిది. 1652లో మీర్ జుమ్లా పట్టుకొన్న కోట యిది. ఎఱ్ఱమల కొండలను నిలువున కోసికొని క్రింద పెన్న పాఱుచున్నది. ఇంత కథ చెప్పి బిడ్డలకు చూపవలసిన తండ్రి, కారు దిగీ దిగకమునుపే, "ఇది మన ఇండియా గ్రాండ్ కేన్యన్" అని చెప్పి, ఫోటో తీసికొని, మరల కారెక్కును. అమెరికాలోని లోయతో పోల్చినగాని మన లోయ మనకు లోయగా కనబడలేదు! ఈ యలవాటు రాళ్లతో ఆగియుండిన నేను కలము పట్టకపోదును. మనుష్యులను సైతము మనమట్టి యెరవు కొలతతోనే కొలుచుచున్నాము. ఆ కొలత పేరు వాకిటి ముందఱి కారు.

అమెరికా కార్లవారు లోకమునకు రెండు విద్యలు నేర్పిరి. ఒకటి వస్తువును చేయు విద్య. రెండవది దానిని కొనిపించు విద్య. మొదటిదానికి గురువు హెన్రీ ఫోర్డు, రెండవదానికి జనరల్ మోటార్సు నేలిన ఆల్ఫ్రెడ్ స్లోన్. ఈ రెంటిని ఒక్కటిగా కలిపి "అభివృద్ధి" యని పేరు పెట్టి చేతులు జోడించువారితోనే నా వాదము.

ఫోర్డు 1908లో మోడల్-టి అను బండిని అమ్మకమునకు పెట్టినపుడు దాని వెల సుమారు 850 డాలరులు. అది ధనికుల వెలయే. 1913లో అతడు హైలండ్ పార్కు కర్మాగారమునందు ఒక మార్పు చేసెను. అంతవఱకు మనిషి బండి చుట్టు తిరిగి పని చేయుచుండగా, అటుపై బండియే మనిషి ముందుకు కదలి వచ్చునట్లు చేసెను. ఒక్కొక్కని కొక్క పని: ఒకడు మఱ దూర్చును, వేఱొకడు బిగించును. బండి యొక్క అడుగు చట్రము కూర్చుటకు ముందు పండ్రెండున్నర గంటలు పట్టుచుండగా, ఏడాది తిరుగకమునుపే గంట ముప్పదిమూడు నిమిషములలో ముగియజొచ్చెను. ఈ పని యెంత విసుగు పుట్టించెననగా కూలివాండ్రు పలువురు కొలది కాలములోనే మానివేయుచుండిరి. 1914 జనవరిలో ఫోర్డు దినకూలిని రమారమి రెట్టింపు చేసి అయిదు డాలరులు చేసెను. తొమ్మిది గంటల పనిని ఎనిమిదికి తగ్గించెను. వెల తగ్గుచు తగ్గుచు 1925 నాటికి అదే మాదిరి బండి మూడువందల డాలరులకు లోపుగా దొరకెను. 1927లో ఆ మాదిరిని ఆపునప్పటికి కోటిన్నర బండ్లు వెలువడినవి. చేసినవాడే కొనగలిగెను. ఇందున్న ఘనత నేను కాదనను.

ఫోర్డు ఋషి యని చెప్పుట లేదు సుమా. అయిదు డాలరుల కూలికి అర్హుడో కాడో తేల్చుటకు కూలివాని యింటికి మనుష్యులను పంపి, వాడు త్రాగునా, ఇల్లు శుభ్రముగా నుంచునా యని విచారింపజేసినవాడతడు. యూదులపై విషము గ్రక్కిన పత్రికను నడపినవాడును అతడే. కాని అప్పును గూర్చి అతని కొక పట్టుదల యుండెను. 1923లో అతడొక పద్ధతి పెట్టెను: కారు కావలసినవాడు వారమునకు అయిదు డాలరులు చొప్పున కట్టుచుండవలెను, వెల పూర్తియైన నాడు బండి యింటికి వచ్చును. మన యిండ్లలో ఆడువారు చీటి కట్టి పాత్రసామాను కొనుక్కొనుట యెట్టిదో ఇదియు నట్టిదే.

ఆ పద్ధతి ఓడిపోయినది. ఎందుచేత? జనరల్ మోటార్సువారు 1919లోనే అప్పిచ్చు సంస్థ నొకదానిని తెఱచియుండిరి. నేడే బండి తోలుకొని పొమ్ము, ఏండ్ల తరబడి కంతులు కట్టుమని వారనిరి. కూడబెట్టి కొనుట యెక్కడ, కొని అప్పు తీర్చుకొనుట యెక్కడ! జనము రెండవ దారినే పోయిరి. స్లోన్ అంతటితో నాగలేదు. షెవర్లే, పాంటియాక్, ఓల్డ్స్‌మొబీల్, బ్యూయిక్, కాడిలాక్ అని మెట్లు కట్టి, క్రింది మెట్టువాడు పై మెట్టువానిని చూచి కుములునట్లు ఏర్పాటు చేసెను. వర్ణములు నాలుగే చాలునని మన పూర్వులు ఊరకుండిరి; డిట్రాయిటువారు అయిదు చేసిరి! 1927లో బండి సొగసు చూచుటకే హార్లీ యర్ల్ అనువానిని పెట్టుకొని ప్రత్యేకశాఖ తెఱచిరి. ఏటేటా రూపము మార్చవలెను. నిరుటి బండిని చూచి యజమానుడు సిగ్గుపడవలెను. యంత్రము చెడకుండగనే బండిని పాతపఱచు నేర్పు ఇది. తుదకు ఫోర్డే లొంగి 1928లో తానును అప్పుల సంస్థను తెఱచెను.

మొదటి విద్యను నేర్చినవారి సంగతి చూడుడు. 1950లో టయోటా వారి ఎయిజీ టయోడా డిట్రాయిటుకు పోయి ఫోర్డు కర్మాగారములో వారముల తరబడి తిరిగెను. చూచినదానిని చూచినట్లు దింపుకొనక, తమ చిన్నదేశమునకు తగినట్లు తిరుగవ్రాసికొనిరి. 1984 వచ్చునప్పటికి జనరల్ మోటార్సే కాలిఫోర్నియాలో టయోటాతో చేయి కలిపి శిష్యుని పని చూడవలసివచ్చెను. కొరియాలో 1967లో పుట్టిన హ్యుండాయి మఱుసటి యేట ఫోర్డు వారి కార్టినా బండ్లను విడిభాగములు తెచ్చి కూర్చుటతో ఓనమాలు దిద్దెను. 1975లో పోనీ యను సొంత మాదిరి తెచ్చెను. 1997లో కియా దివాలా తీయగా దానికై ఫోర్డును పోటీపడెను. 1998లో అది హ్యుండాయి చేతికే పోయెను. ఆ కియాయే 2017లో మన ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని, 2019నుండి పెనుకొండ చెంత ఏటికి మూడులక్షల బండ్లు చేయగల కర్మాగారమును నడుపుచున్నది. పులివెందుల, కదిరి దాటి పోయినచో ఆ విద్య మన గుమ్మములోనే యున్నది.

మన సంగతి యేమి? అమెరికావారు మనకు క్రొత్తవారు కారు. 1928లోనే జనరల్ మోటార్సువారు బొంబాయిలో బండ్లు కూర్చుట మొదలిడిరి. కూర్చుట చాలదు, దేశములోనే భాగములు చేయవలెనని ప్రభుత్వము 1953లో పట్టుపట్టగా సెలవు తీసికొనిరి. మరల వచ్చి 2017లో అమ్మకము మానిరి. ఫోర్డువారు 1995లో మహీంద్రాతో కలసి మరల వచ్చి, పదియేండ్లలో రెండువందల కోట్ల డాలరులకు పైగా నష్టమని 2021 సెప్టెంబరులో ఉత్పత్తి నిలుపుదుమని చాటిరి. గురువు మఱైమలైనగరులో తలుపు మూయగా, శిష్యుడైన హ్యుండాయి శ్రీపెరుంబుదూరు చెంత బండ్లు చేయుచునే యుండెను. "మా జిల్లాకును ఒక ఫ్యాక్టరీ రావలె" నని ఎదురుచూచుటయే పౌరుషమనుకొను మనవారు ఈ వృత్తాంతమును రెండుమార్లు చదువుకొందురు గాక. కర్మాగారము వచ్చును, పోవును. విద్య నేర్చినవాడే మిగులును.

మన సీమకు అమెరికా బండి నిజముగా వచ్చినది జీపు రూపమున. రెండవ ప్రపంచయుద్ధములో విల్లిస్, ఫోర్డు కంపెనీలు ఆఱులక్షలకు పైగా చేసిన ఆ బండిని, స్వాతంత్ర్యము వచ్చిన తొలినాళ్లలో మహీంద్రావారు ఈ దేశమునకు తెచ్చిరి. బాటలేని పల్లెనుండి రోగిని మోసి తెచ్చినది జీపే. కక్షలవారిని మోసినదియు జీపే. బండి చప్పుడు విని వీథి తలుపులు మూసికొన్న కాలము జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములవారికి నేను చెప్పనక్కఱలేదు. నాడు ఎవని వెనుక ఎన్ని బండ్లని లెక్కపెట్టి భయపడితిమి. ఆ భయమే నేడు చదువుకొన్నవారి యిండ్లలో గౌరవమను పేరుతో కూర్చున్నదని నా యనుమానము.

అది పెండ్లిపీటల చెంత బయటపడును. గురజాడవారి కన్యాశుల్కము అచ్చయిన 1897లో కన్యకు వెల కట్టుట చూచి మన పెద్దలు సిగ్గుపడిరి. నేడు వరునికి వెల కట్టుచు మనము సిగ్గుపడుట లేదు. 1961నాటి వరకట్న నిషేధచట్టము రొక్కమునే కాదు, విలువగల యే వస్తువునైనను నిషేధించినది. ఐనను "మేము కట్నము తీసికొనము, అమ్మాయికి మీరు ముచ్చటపడి కారిచ్చిన కాదనము" అను వాక్యమును మర్యాదగా పలుకువారు పట్టభద్రులే. అమ్మాయికే కారైనచో తాళపుచెవి అల్లుని చేతికేల? ఆమెకు బండి తోలుట నేర్పినవారెందఱు?

ప్రసవవేదనలో నున్న స్త్రీని ఆసుపత్రికి చేర్చుటకు కారు వలదా యని ఒక మిత్రుడు నన్ను నిలదీసెను. వలయును. కూడబెట్టిన సొమ్ముతో పాతబండియైనను కొని, ఇంటి ఆడువారిచేత తోలించువానికి నేను నమస్కరింతును. నంద్యాల–ఎర్రగుంట్ల రైలు 2016లో జమ్మలమడుగు మీదుగా నడువ మొదలిడిన నాటినుండి, రైలెక్కిన పరువు తక్కువయని కారప్పు చేయువానికి మాత్రము చేయను.

నా కడ చదివిన ఒక బాలిక తండ్రి నల్లరేగడిలో బుడ్డశెనగ పండించు రైతు. బెంగుళూరిలో ఉద్యోగము చేయు వరుడు కుదిరెను. కట్నము వద్దనిరి, కారొక్కటి చాలుననిరి. రెండెకరములమ్మి, ప్రొద్దుటూరిలో నగలు కుదువపెట్టి మొదటి సొమ్ము కట్టెను. మిగిలినది తన పేర అప్పు. ఏల చేసితివని నేనడుగగా, "కారు లేకుంటే నా బిడ్డకు ఆ ఇంట్లో యిలువ యాడిది సారూ?" అనెను. మూడేండ్లు గడచినవి. ఇపుడు అల్లునికి ఆ బండి పాతబడినదట. పైకప్పు తెఱచుకొను క్రొత్త మాదిరి వచ్చినదట. దీనిని మార్చి దానికి కొంత సాయము చేయవలెనట. డిట్రాయిటులో 1927లో పన్నిన వల పెన్నయొడ్డుకు చేరుటకు తొంబదియేండ్లకు పైగా పట్టినది గాని చేప తప్పించుకొనలేదు.

మొన్న ఆ రైతు ఇంగ్లీషులో నున్న అప్పు కాగితము చదివించుకొనుటకు నాయొద్దకు వచ్చెను. ఎనుబదినాలుగు కంతులలో ముప్పదియేడు తీఱినవి; మిగిలినవి నలుబదియేడని చెప్పితిని. అతడు వేళ్లమీద లెక్కించుకొని, "అంటే ఎన్ని శెనగ పంటలు సారూ?" అని అడిగెను. నాలుగంటిని. కాగితము మడిచి జేబులో పెట్టుకొని, అమ్మిన రెండెకరముల మీదుగానే నడిచి యింటికి పోయెను. అక్కడ వేఱొకరు విత్తనము వేయుచుండిరి.