విచారణా? విచారమా?

మొన్న శుక్రవారం పొద్దున్నే ఫోన్. సల్వాలో ఓ ఇంట్లో డ్రైవరుగా చేసే రాజంపేట తమ్ముడు. "అన్నా, అరబ్బీలో మెసేజి వచ్చింది, చూసి చెప్పవా?" అన్నాడు. చూస్తే 'తహ్కీక్' అన్న మాట కనపడింది. "విచారణకి రమ్మంటున్నార్రా" అనేశాను. అవతల చాలాసేపు మాట లేదు. తీరా తేలిందేమిటంటే, ఎవరివో రెండు కార్లు గుద్దుకున్నప్పుడు ఇతను పక్కన ఉన్నాడు. చూసింది చెప్పమన్నారు, అంతే! ఈలోగా పాపం, ఓ రాత్రి నిద్ర పోయింది.

తప్పు నాదే. అయినా ఆ మాటకి అంత బరువెలా వచ్చింది?

సంస్కృతంలో విచారమంటే ఆలోచన. తెలుగులోకొచ్చాక దిగులు కూడా అయింది. "అతని గురించి విచారించారు" అంటే వాకబు చేశారనో, బాధపడ్డారనో అనుకోవచ్చు. "అతన్ని విచారించారు" అంటే మాత్రం అతను మధ్యలో, వాళ్ళు చుట్టూ. ఒక్క విభక్తితో మనిషి కర్మ అయిపోతాడు.. వ్యాకరణంలోనూ, బయటా!

లాటిన్‌లో విచారణని 'క్వైస్టియో' అంటారు. స్త్రీలింగం. వెతకడం, అడగడం అనే అర్థమున్న 'క్వైరెరె' నుంచి పుట్టింది. ఇంగ్లీషు 'క్వశ్చన్' దీని వారసురాలే. క్రీ.పూ. 149లో, అధికారుల దోపిడీని విచారించడానికి రోమన్లు పెట్టిన శాశ్వత న్యాయస్థానానికీ ఇదే పేరు. అక్కడ 'దే' అంటే 'గురించి'. కానీ 'క్వైస్టియో దే సెర్వీస్' అంటే బానిసల గురించి ఆరా కాదు, బానిసల్ని హింసించి రాబట్టడం. బానిస సాక్ష్యం అలా రాబడితేనే చెల్లేది.

పాత రోమ్ సంగతి కదా అనకండి. 2015లో వెట్రిమారన్ తీసిన 'విసారణై' చూడండి. ఎం. చంద్రకుమార్ 'లాకప్' నవల దానికి ఆధారం. పొట్టకూటికి గుంటూరొచ్చిన తమిళ కూలీలని, చెయ్యని దొంగతనం ఒప్పుకోమని చావబాదుతారు. అక్కడ భాష రాని పరాయివాళ్ళు వాళ్ళు. ఇక్కడ మనం.

అరబ్బీ 'తహ్కీక్' మాత్రం 'హక్' నుంచి వచ్చింది. నిజం, న్యాయంగా రావలసింది అని అర్థాలు. మన 'హక్కు' కూడా అదే. మాట పుట్టుక మంచిదైనంత మాత్రాన ప్రతి గదిలోనూ మంచే జరుగుతుందని కాదు. కానీ తనని ఎందుకు పిలిచారో, సాక్షిగానో నిందితుడిగానో, తన భాషలో తెలుసుకోవడం మనిషి మొదటి హక్కు అని నా అభిప్రాయం. నాలుగు అరబ్బీ ముక్కలొచ్చిన మనలాంటి దుబాసీలు మాటకి మాట పెట్టేసి చేతులు దులుపుకోకూడదు.

సల్వా అంటే అరబ్బీలో ఓదార్పు అని కూడా అర్థం ఉంది. "నువ్వు చూసింది అడిగి తెలుసుకుంటారట" అని ఉంటే తమ్ముడు హాయిగా నిద్రపోయేవాడు.

మీరైతే ఏమని చెప్పేవాళ్ళు?